జవాబు గడి

4 ఆగస్టు 2025, సోమవారం

పంపుల కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు, దాని పక్కన దానితో ఏ సంబంధమూ లేకుండా నవ్వుతున్న ఒక ఆడమనిషి. ఏడు నెలలు నా మోటారు వైండింగ్ కొట్లో రాగితీగ చుట్టల కింద పడి ఉంది. ఇవాళ్టి నుంచి రాస్తాను. ఎవరికీ చూపించను. దేవుడికి ప్రత్యేకంగా చూపించనక్కర్లేదు, ఆయన భుజం మీదనుంచి చదువుతూనే ఉంటాడు.

నేను పాస్టరుగా ఉన్న మందిరంలోకి కంప్యూటర్లు వచ్చాయి. హైస్కూల్లో కంప్యూటర్ గది కురుస్తోందట. నల్లపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే కౌసర్ మేడమ్ మన హాలు అడిగింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, నల్ల బురఖా, చేతిలో ఆరు లాప్‌టాప్‌ల సంచి. పొలానికి టిఫిన్ క్యారియర్లు మోసినట్టు మోసుకొచ్చింది.

"ప్రతి క్లాసూ ప్రార్థనతో మొదలవ్వాలి" అన్నాను.

"చేయండి, నేను తల వంచుకుంటాను. కానీ ఐదు నిమిషాలు దాటితే లాప్‌టాప్‌లు నిద్రపోతాయండీ."

నా ప్రార్థన ఐదు నిమిషాల్లో ముగియడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒప్పుకున్నాను. మా స్తుతి తొమ్మిదో తరగతి, మొదటి వరసలో కూర్చుంటుంది. నా కూతురు నేర్చుకునేది నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? నేనూ వెనక బల్ల మీద కూర్చుంటాను.

సంఘపెద్ద కరుణాకర్ గేటు దగ్గర పట్టుకున్నాడు. "అయ్యగారూ, వేరే మతం పిల్ల మన మందిరంలో పాఠం చెప్పడమేంటి?"

"బావి దగ్గర సమరయ స్త్రీతో ప్రభువు మాట్లాడాడు. నువ్వు నీ గేదెలతో తప్ప ఎవరితోనూ మాట్లాడవు, నీకేం తెలుస్తుంది" అన్నాను.

8 ఆగస్టు, శుక్రవారం

వారంవారం జరిగే ఉపవాస ప్రార్థన. ఎనభై మంది. పొద్దుట ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎవరూ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. నా గొంతు మాత్రం ఆగలేదు. ఇవాళ ప్రసంగంలో యెరికో గోడలు కూల్చాను. మైకు అక్కర్లేకపోయింది.

అంకమ్మరావు గారి కొత్త డ్రమ్ము మొన్ననే వచ్చింది. ఆయనది పురుగుమందుల కొట్టు, సెంటర్లో అన్నిటికంటే పెద్దది. ఆయనది మన విశ్వాసం కాదు. కానీ ఏడేళ్ళ కిందట పక్షవాతంతో పడిపోయిన వాళ్ళమ్మ కోసం నేను మూడు రోజులు ప్రార్థన చేస్తే ఆవిడ చెయ్యి లేచింది. అప్పటినుంచి ప్రతి ఆగస్టులో మందిరానికి ఒక నీలం డ్రమ్ము పంపిస్తాడు, కుళాయి బిగించి, పూలదండ వేసి. పాతది కరుణాకర్ కుడితి కలుపుకోవడానికి తీసుకెళ్తాడు. గేదెలకు కూడా ఆశీర్వాదమే.

నేనే కడిగాను. సర్ఫుతో ఒకసారి, చింతపండుతో ఒకసారి, ఒకరోజు ఎండ. ఊళ్ళో ఎవరి దొడ్లో చూసినా ఇవే డ్రమ్ములు.

నాలుగింటికి ఉపవాసం విడిచాం. మొదటి గ్లాసు నా భార్య రెబ్కా తాగాలి, తర్వాతే మిగిలినవాళ్ళు. ఇది నేను పెట్టిన పద్ధతి. మొదట్లో జనం కుళాయి దగ్గర కొట్టంలో గొడ్లలా తోసుకునేవాళ్ళు. 'ముందు అమ్మగారు' అన్నాక ఒక క్రమం వచ్చింది.

"ఇంకా వాసనొస్తోందండీ" అంది రెబ్కా, గ్లాసు పట్టుకుని, మెల్లగా.

"నీ ముక్కుకి విశ్వాసం తక్కువ" అన్నాను. దగ్గరున్నవాళ్ళు నవ్వారు. తాగింది.

9 ఆగస్టు

రెబ్కాకి కళ్ళు తిరిగాయి. వాంతి. పదిగంటలు ఉపవాసముంటే మరి. ప్రార్థించి మనవుల పుస్తకంలో రాశాను.

12 ఆగస్టు

రెబ్కాకి తగ్గింది. జవాబు గడిలో టిక్కు పెట్టాను. స్తోత్రం.

14 ఆగస్టు

కోడింగ్ అంటే ఏంటో ఇవాళ అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను చేస్తున్నదే. మోటారు కాయిల్ చుట్టేటప్పుడు చుట్టు, లెక్కపెట్టు, అరవై అయ్యేదాకా మళ్ళీ చుట్టు. దీన్ని లూప్ అంటారట. ఇశ్రాయేలీయులు యెరికో చుట్టూ ఏడో రోజున ఏడుసార్లు తిరగడం కూడా లూపే. క్లాసులో లేచి ఈ మాట చెప్పాను.

"కరెక్టేనండీ. గోడ పడిపోవడం లూప్ బయట రాయాలి. లోపల రాస్తే ఏడుసార్లు పడుతుంది" అంది కౌసర్ మేడమ్.

పిల్లలు నవ్వారు. నేను కూడా. గ్రంథం ముప్పై ఏళ్ళుగా ఎవరూ నేర్పకుండా చదువుకున్న నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

మారుమనస్సు పొందితే జీవం, లేకపోతే నాశనం. ఇఫ్, ఎల్స్. ఆదివారం ప్రసంగానికి దొరికింది.

20 ఆగస్టు

మేడమ్ పద్ధతి వేరు. పుస్తకంలో లెక్కలు చేయించదు. "మీ ఊళ్ళో ఏ బాధ ఉందో చెప్పండి, దాని మీదే ప్రోగ్రాం రాద్దాం" అంటుంది. పిల్లలు బోర్డు మీద రాశారు. దోమలు. బస్సు రాదు. మందు కొట్టే రోజుల్లో గాలి. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి. ఒకడు 'హెడ్మాస్టరు' అని రాస్తే మేడమ్ తుడిచేసింది.

గుల్షన్ అని ఒక పిల్ల ఉంది, స్తుతి స్నేహితురాలు. తండ్రి జాన్ బాషా మిరపచేలకి మందు కొట్టే కూలీ. ఆ పిల్ల 'తలనొప్పులు, వాంతులు' అని రాసింది. అందరూ దానికే చేతులెత్తారు.

"మంచిది. ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు అనేది కావాలి. అది మన దగ్గర లేదు. ఇంటింటికీ తిరగాలి" అంది మేడమ్.

నేను లేచాను. "తిరగక్కర్లేదు. నా దగ్గర ఉంది."

ప్రార్థన మనవుల పుస్తకాలు నాలుగూ తెచ్చి బల్లమీద పెట్టాను. 2018 నుంచి ఇవాళ్టి దాకా. తేదీ, పేరు, బాధ, కారణం, జవాబు. ఐదు గడులు, స్కేలు పెట్టి గీసినవి. వెయ్యీ నూట నలభై మనవులు. ఈ జిల్లాలో ఏ ఆసుపత్రిలోనైనా ఇంత శుభ్రంగా ఉందా?

మేడమ్ పేజీలు తిప్పింది. "ఇది బంగారం అండీ" అంది.

ప్రార్థన పనిచేస్తుందని కంప్యూటరే సాక్ష్యం చెప్పబోతోంది. దావీదు గొల్యాతును కొట్టడానికి గులకరాయి వాడాడు. నాకు దేవుడు లాప్‌టాప్ ఇచ్చాడు.

29 ఆగస్టు, శుక్రవారం

పిల్లలు రోజుకి వంద ఎక్కిస్తున్నారు. మేడమ్ పిలిచింది.

"ఎలీషా గారూ, కారణం గడిలో మూడు వందల చోట్ల 'సాతాను' అని ఉంది. ఏం చేయమంటారు?"

"అలాగే ఎక్కించండి."

"తొంభై చోట్ల 'అత్తగారు' అని ఉంది."

"అది మనవి చెప్పినవాళ్ళ మాట. నాది కాదు."

ఉపవాస ప్రార్థన బాగా జరిగింది. రెబ్కా పెందలాడే పడుకుంది.

10 సెప్టెంబరు, బుధవారం

నా జీవితంలో ఇంత సంతోషం రెండుసార్లే వచ్చింది. ఒకటి బాప్తిస్మం. రెండోది ఇవాళ.

స్తుతి, గుల్షన్ కలిసి మనవుల లెక్కకి కంప్యూటరు చేత గీత గీయించారు. తెల్ల దుప్పటి మీద ప్రొజెక్టర్. ప్రతి ఏడూ ఆగస్టులో తలనొప్పులు, వాంతులు, కళ్ళు తిరగడం కొండలా లేస్తాయి. అక్కణ్ణుంచి నెలనెలా దిగుతూ వస్తాయి. మే నెలకి దాదాపు ఏమీ ఉండవు. వారంవారం ప్రార్థన, నెలనెలా స్వస్థత. నేను దుప్పటి ముందుకెళ్ళి ఆ దిగే గీతను వేలితో తడిమాను. నా నీడ దాని మీద పడింది.

"చూశారా. ఇదీ ప్రార్థన" అన్నాను.

గుల్షన్ చెయ్యెత్తింది. "అయ్యగారూ, మళ్ళీ ఆగస్టులో ఎందుకు లేస్తుంది?"

"సాతాను ఊరుకుంటాడా?"

"ప్రతి ఆగస్టులోనే వస్తాడా అండీ?"

"ఆగస్టు నుంచి పత్తికి, మిరపకి మందు కొడతారు. ఆ గాలి" అన్నాను. సాతాను నుంచి మందుకి మారడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇది ఇప్పుడు రాస్తుంటే గమనించాను.

"మరి 2020లో లేవలేదేంటండీ? చూడండి, ఆ ఏడు నేల మీదే ఉంది."

కరోనా. మందిరం మూసేశాం. మనవులన్నీ ఫోన్లో రాసుకున్నాను. అదే చెప్పాను.

"కానీ మా నాన్న ఆ ఏడు కూడా ప్రతిరోజూ మందు కొట్టాడండీ" అంది గుల్షన్.

మేడమ్ బస్సు టైమైందని ప్రొజెక్టర్ ఆపింది. బస్సు ఇంకో అరగంటకి గానీ రాదు.

12 సెప్టెంబరు, శుక్రవారం

ఉపవాస ప్రార్థన. దానియేలు సింహాల బోను మీద మాట్లాడాను. గీత గురించి ఏమీ చెప్పలేదు. సమయం చాల్లేదు.

13 సెప్టెంబరు

స్తుతి అన్నం తింటూ అడిగింది. "నాన్నా, డ్రమ్ము ఏ నెలలో వస్తుంది?"

డ్రమ్ము గురించి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

14 సెప్టెంబరు, ఆదివారం

మేడమ్ ఫోన్ చేసింది. మనవులు వారంలో ఏ రోజున వచ్చాయో కూడా తీయించిందట. శనివారం, ఆదివారం.

"ఆదివారం అందరూ మందిరానికొస్తారు, అప్పుడు రాయిస్తారు. అందులో వింతేముంది?" అన్నాను.

"మంచి మాటండీ. నాకూ అదే అనుమానం వచ్చి ఆదివారాలు తీసేసి చూశాం. శనివారం అలాగే ఉంది."

"ఉపవాసం తర్వాత నీరసం."

"మే నెలలో కూడా ఉపవాసం ఉంటున్నారు కదండీ. అప్పుడు నీరసం లేదు."

ఈ పిల్ల ఒక్క మాట కూడా గట్టిగా అనదు. అదే నాకు పడదు. తిట్టేవాళ్ళకి జవాబు చెప్పడం నాకు చేతనవును.

"ఎలీషా గారూ, నీళ్ళు పరీక్ష చేయించుదాం. ఒక్క సీసా చాలు."

ఫోన్ కట్ చేశాను. సిగ్నల్ లేదని అనుకుంటుంది.

15 సెప్టెంబరు

హాలుకి సున్నం వేయించాలి. రెండు వారాలు క్లాసులు కుదరవని మేడమ్‌కి చెప్పాను. తాళం వేశాను.

16 సెప్టెంబరు

సున్నం తేలేదు. పుస్తకాలు నాలుగూ కొట్లో మోటారు పెట్టె వెనక పెట్టాను. ఎలకలు.

17 సెప్టెంబరు

స్తుతి నాతో మాట్లాడటం లేదు. వాళ్ళమ్మతో చెబుతోంది: "నాన్నని ఉప్పు అందుకోమను." ఉప్పు నా ముందే ఉంది.

18 సెప్టెంబరు

డ్రమ్ము ఇంకోసారి కడిగాను. సోడా వేసి. ఇప్పుడు వాసన రావట్లేదు. తల లోపలికి పెట్టి చూశాను. రావట్లేదు అనే అనుకుంటున్నాను.

19 సెప్టెంబరు, శుక్రవారం

రెబ్కా.

21 సెప్టెంబరు, ఆదివారం, గుంటూరు

మొన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

ఉపవాసం విడిచాక ఇంటికొచ్చి, అర్జెంటు జాకెట్లు ఉన్నాయని కుట్టుమిషను ముందు కూర్చుంది. ఐదున్నరకి దాని మీదే వాలిపోయింది. సూది చూపుడువేలు గోరులోంచి దిగింది. కేక కూడా వేయలేదు. నోటి వెంట నురుగు, ఒళ్ళంతా చెమట. స్తుతి అంబులెన్సుకి ఫోన్ చేసింది. నేను తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. "నాన్నా, ముందు అమ్మ కాళ్ళు పట్టుకో, ఎత్తుదాం" అని అరిచింది. పట్టుకున్నాను.

ఇక్కడ డాక్టరమ్మ కంటిపాపలు చూసింది. "ఈవిడ చేలో మందు కొడతారా?"

"లేదండీ. బట్టలు కుడుతుంది."

"మీరు?"

"మోటార్లు చుడతాను."

"మరి పురుగుమందు లోపలికి ఎలా వెళ్ళింది? ఏమైనా తాగించారా? ఇంట్లో గొడవలా?"

మూడు వీధులకి మైకు లేకుండా వినిపించే నోరు నాది. తెరవలేదు.

రెబ్కా ఇవాళ కళ్ళు తెరిచింది. నన్ను చూసి, "మనవుల పుస్తకంలో రాశారా?" అని అడిగింది.

రాయలేదని చెప్పాను.

22 సెప్టెంబరు, సోమవారం, గుంటూరు

వార్డు బయట వరండాలో కూర్చుని ఉన్నాను. మేడమ్ స్తుతికి ఇచ్చిన లాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది. ఎలకలకి భయపడి దాచిన పుస్తకాలు స్తుతి చేతే తెప్పించాను. ఏమీ అడగకుండా తెచ్చింది.

పిల్లలు తప్పు రాసి ఉండొచ్చు. అందుకని పుస్తకాలతో సరిచూసుకుని ప్రోగ్రాం నేనే రాశాను, మొదటినుంచి. పేరు చదువు. తేదీ చదువు. ఆ తేదీ శుక్రవారం తర్వాత రెండు రోజుల్లో ఉంటే ఒకటి కలుపు. లేకపోతే వదిలెయ్యి. చివరిదాకా తిరుగు. నాలుగుసార్లు తప్పొచ్చింది. చుక్క మర్చిపోతే ఒప్పుకోదు ఈ యంత్రం. ఒక చుట్టు తక్కువైతే మోటారు కాలిపోయినట్టే.

ఐదోసారి నడిచింది. తల, కడుపు, కళ్ళ మనవులు నాలుగు వందల పన్నెండు. శుక్రవారం తర్వాతి రెండు రోజుల్లో మూడు వందల ముప్పై ఒకటి.

పిల్లలు చెప్పిన అంకె అదే.

ఇంకొకటి అడిగాను. ఎవరి పేరు ఎక్కువసార్లు ఉంది? అది నన్నెవరూ అడగమని చెప్పలేదు.

రెబ్కా. యాభై ఎనిమిది.

యాభై ఎనిమిదిసార్లు నా చేత్తో నేనే రాశాను. యాభై ఎనిమిదిసార్లు టిక్కు పెట్టాను. ఒక్కొక్కటిగా రాసినప్పుడు ఒక్కొక్కటిగానే కనిపించింది.

నెలనెలా దిగే ఆ గీత ప్రార్థన కాదు. వారంవారం నీళ్ళు పోసి పారబోస్తుంటే డ్రమ్ము కడుక్కుపోవడం. మే నెలకి డ్రమ్ము బాగుపడేది. ఆగస్టులో నేను కొత్తది తెచ్చేవాణ్ణి, దండ వేసి.

24 సెప్టెంబరు

రెబ్కాని రేపు పంపిస్తామన్నారు. చెయ్యి ఇంకా వణుకుతోంది. కొంతకాలం ఉంటుందట, ఎంతకాలమో చెప్పలేదు.

అంకమ్మరావు గారి కొట్టుకెళ్ళాను. రైతులున్నారు. బయటికి పిలిచాను.

"ఏమయ్యా ఎలీషా, మీ ఆవిడకెలా ఉంది? మా ఆవిడ కూడా అడిగింది."

"ఆ డ్రమ్ముల్లో ఏం మందు వచ్చేదండీ?"

ఆయన ముఖం మారింది. "ఊరంతా వాడట్లేదా?"

"ఊరంతా ఒళ్ళు కడుక్కుంటారు. మేం తాగాం."

"నీళ్ళకని ఇచ్చాను. తాగమని చెప్పానా?"

"మీ ఇంట్లో తాగే నీళ్ళు దేంట్లో పెడతారు?"

రోడ్డు వంక తిరిగాడు. "మట్టికుండ" అన్నాడు. తర్వాత, "మా అమ్మ చెయ్యి లేచిందయ్యా. అది అబద్ధమా? దానికి నేను ఏదో ఒకటి ఇవ్వాలి కదా."

అది అబద్ధం కాదు. అది ఎలా జరిగిందో నాకు తెలియదు. ఇప్పుడు తెలిసిందని కూడా చెప్పలేను.

"నా పేరు మైకులో చెప్తావా?"

"నా పేరు చెప్తాను. కడిగి చాలనుకున్నది నేను. మీరు మాత్రం ఇంక ఏ ఇంటికీ ఇవ్వకండి. ఇస్తే మీ పేరు కూడా చెప్తాను."

"ఇప్పుడు నన్ను బెదిరిస్తున్నావా, దీవిస్తున్నావా?"

"ఇఫ్, ఎల్స్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

25 సెప్టెంబరు

ఇంటికొచ్చాం. రెబ్కా మంచం మీద, నేను కింద. జరిగింది చెప్పాను. మోకాళ్ళ మీద చెప్పాను, అలవాటు కొద్దీ.

ఆశ్చర్యపోలేదు.

గోడకి తగిలించి ఉన్న స్తుతి స్కూలు సంచి వైపు చూపించింది. దాని పక్క జేబులో ఆకుపచ్చ నీళ్ళసీసా ఉంది. శుక్రవారాలు మందిరానికి వచ్చేటప్పుడు ఆ పిల్ల ఆ సీసా ఎప్పుడూ వదలదు. నాకు గుర్తుంది. పిల్లల ముచ్చట అనుకున్నాను.

"మూడేళ్ళ కిందట దానికి వాంతులయ్యాయి. అప్పటినుంచి దాన్ని తాగనివ్వలేదు" అంది.

"నీకు తెలుసా?"

"తెలియదు. వాసన తెలుసు."

"మరి నువ్వెందుకు తాగావు?"

నా వంక చూసింది, చదువు రాని పిల్లాడిని చూసినట్టు. "ముందు అమ్మగారు అన్నారు కదండీ. అందరూ నా గ్లాసు వంకే చూస్తారు. నేను తాగకపోతే మీ మాట ఏమవ్వాలి?"

ఈ ఒక్కదానికి వాక్యం వెతికాను. ఎక్కడ తెరిచినా దొరికే గ్రంథం. దొరకలేదు.

26 సెప్టెంబరు, శుక్రవారం

హాలు తాళం తీశాను. మేడమ్‌కి నిన్ననే ఫోన్ చేశాను. "సున్నం అయిపోయిందాండీ?" అంది. సున్నం పడని గోడలు చూసింది. డ్రమ్ములోంచి సీసాలోకి నీళ్ళు పట్టుకుంది, పరీక్షకి.

ఎనభై మంది వచ్చారు. అందరికీ ఇంటినుంచి నీళ్ళు తెచ్చుకోమని పొద్దుటే చెప్పించాను. ఎందుకో చెప్పలేదు.

దుప్పటి కట్టాం. స్తుతి మాట్లాడతానంది. వద్దన్నాను, లెక్కలు నేనే చదివాను. మా అమ్మ నాకు ఎలీషా అని ఎందుకు పేరు పెట్టిందో చెప్పాను. యెరికోలో నీళ్ళు చెడిపోతే ఎలీషా ప్రవక్త ఉప్పు వేసి బాగుచేశాడు. ఈ ఎలీషా బాగున్న నీళ్ళు తెచ్చి మందు డ్రమ్ములో పోశాడు. ఏడేళ్ళు మీకోసం ఏడ్చింది నేనే, ఏడేళ్ళు మీరు ఏడవడానికి కారణమూ నేనే.

ముందు వరసలో నసీమున్నీసా ఉంది. పక్కవీధి ముసలావిడ, మతమేదైనా కడుపునొప్పికి నా ప్రార్థనే కావాలని ఐదేళ్ళుగా వస్తుంది. ఆవిడ అడిగింది:

"అయితే అయ్యా, నా కడుపులో ఉన్నది సాతాను కాదా?"

"కాదమ్మా. నేను."

వెనకనుంచి కరుణాకర్ లేచాడు. "మా గేదెకి రెండేళ్ళుగా చూడి నిలవట్లేదు. కుడితి ఆ పాత డ్రమ్ముల్లోనే. దానికీ నువ్వే ప్రార్థన చేశావు."

"గేదె కూడా ఉందండీ పుస్తకంలో. నాలుగుసార్లు" అంది గుల్షన్.

"టిక్కు ఉందా?" అన్నాడు కరుణాకర్.

"మూడింటికి ఉందండీ."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. నవ్వు కాదది, ఊపిరి వదలడం. తొమ్మిది మంది లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని ఆపడానికి నా దగ్గర ప్రసంగం లేదు. మిగిలినవాళ్ళ ముందే గొడ్డలి తెచ్చి డ్రమ్ము పగలగొట్టాను. మొదటి దెబ్బకి గొడ్డలి ఎగిరి నా మోకాలికే తగిలింది. ప్లాస్టిక్కు. యెరికో గోడ నయం.

13 అక్టోబరు

నీళ్ళ పరీక్ష ఫలితం వచ్చింది. ఉంది. కొత్త డ్రమ్ము కాబట్టి ఎక్కువే ఉంది. పిల్లలు ఆ కాగితానికి మూడు కాపీలు తీసి ఒకటి పంచాయతీకి, ఒకటి ఆరోగ్య కేంద్రానికి ఇచ్చారు. మూడోది గుల్షన్ అంకమ్మరావు గారి కొట్టు తలుపుకి అతికించింది. ఆయన చింపలేదు. ఇవాళ అటు వెళ్తే కొట్టు వెనక ఖాళీ డ్రమ్ములన్నిటికీ చిల్లులు పొడిచి ఉన్నాయి.

తర్వాతి ప్రోగ్రాం ఏంటని మేడమ్‌ని అడిగాను. ఏ ఇంట్లో ఏ డ్రమ్ము ఉందో, దాంట్లో ఏం పెడతారో పటం చేస్తారట. "ఇంటింటికీ తిరగడానికి గొంతున్న మనిషి కావాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు. అడిగి, రాసుకోవాలి, అంతే" అంది.

ప్రయత్నిస్తానన్నాను.

17 అక్టోబరు, శుక్రవారం

నలభై ఒక్కమంది. లెక్కపెట్టడం మానలేను.

జాన్ బాషా పెద్ద మట్టికుండ తెచ్చి పెట్టాడు. మసీదులో ఉన్నదానికి జోడీ అట. నాలుగింటికి లేచి, పద్ధతి మారిందని చెప్పాను. మొదటి గ్లాసు నాది. తాగాను. అందరూ నా గ్లాసు వంకే చూశారు. ఏడేళ్ళు ఆ చూపులు ఆమె మీద ఉన్నాయి.

రెబ్కా తాగలేదు. స్తుతి దగ్గరున్న ఆకుపచ్చ సీసా తీసుకుని అందులోంచి తాగింది. మూత తిప్పడానికి చెయ్యి వణికింది. నేను అందుకోబోతే వద్దంది.

జనం వెళ్ళాక కొత్త మనవుల పుస్తకం తెరిచాను. మొదటి పేజీ. తేదీ రాశాను. పేరు: రెబ్కా. బాధ: చెయ్యి వణుకు. కారణం గడిలో ఎప్పుడూ రాసే మాట రాయడానికి పెన్ను దానంతట అదే కదిలింది. ఆపి, ఎలీషా అని రాశాను.

జవాబు గడి మిగిలింది. పుస్తకం ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చాను.

"ఇంకనుంచి ఇది నువ్వు పెట్టు" అన్నాను.

పుస్తకం వంక చూసింది. పేరు చదివింది, కారణం చదివింది. పెన్నుకి మూత పెట్టి, తన సూదుల డబ్బాలో వేసుకుంది.

"ఇప్పుడే కాదు" అంది.